మా అడవికి జూన్ దాకా ఆకు లేదట

నా రీసెర్చ్ పేపర్ మొదటి డ్రాఫ్ట్ ఇట్లా మొదలయ్యేది: "నేడు ప్రపంచ జీవవైవిధ్యానికి వాతావరణ మార్పే అతి పెద్ద ముప్పు." దాని వెనకాల బ్రాకెట్లో ఐదు పేపర్ల పేర్లు. నిజం చెప్తున్నా, ఆ ఐదింటిలో నేను పూర్తిగా చదివింది ఒక్కటే. మిగతా నాలుగూ వేరేవాళ్ళ ఇంట్రడక్షన్ల నుంచి ఎత్తుకొచ్చినవి. వాళ్ళు ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో నాకు తెలియదు.

తమాషా ఏమిటంటే ఆ వాక్యం తప్పు. 2019లో వచ్చిన ఐపీబీఈఎస్ (జీవవైవిధ్యం మీద దేశాల మధ్య ఏర్పడ్డ శాస్త్ర వేదిక) నివేదిక ఈ ముప్పులను వరుసలో పెట్టింది. మొదటిది నేలనూ సముద్రాన్నీ మనం వాడుకునే తీరు మారడం. రెండోది జీవాలను నేరుగా వేటాడటం, నరకడం, పట్టుకోవడం. వాతావరణ మార్పు మూడోది. ఆ నివేదిక పేరు కూడా నా బ్రాకెట్లో ఉంది! ఏ పేపరైతే నా మాట తప్పంటుందో, దాన్నే సాక్షిగా నిలబెట్టాను.

ఈ మధ్య ఒక జూనియర్ ఫోన్ చేసి, "అక్కా, మా చెరువు మీద రాసిన నా పేపర్ లోకల్‌గా ఉందంటున్నారు, గ్లోబల్‌గా ఎట్లా చేయాలి?" అని అడిగింది. ఫోన్‌లో అరగంట ఏదేదో చెప్పాను. పెట్టేశాక సరిగ్గా చెప్పలేదనిపించింది. అందుకే ఇది.

ముందు నా పేపర్ సంగతి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, మన్ననూరు దాటి రోడ్డు నుంచి లోపలికి పోతే, మూడు చోట్ల కలిపి 160 చెట్లకు అల్యూమినియం బిళ్ళలు కొట్టాం. ఇప్ప, తునికి, నల్లమద్ది, చిరుమాను. 2021, 2022, 2023, మూడు ఎండాకాలాలు. జనవరి చివర్నుంచి జూన్ చివరి దాకా పది రోజులకోసారి ప్రతి చెట్టు కిందా నిలబడి, బైనాక్యులర్‌తో పైకి చూసి, కొమ్మల్లో చిగురు ఎంత ఉందో సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేయడం. పని ఇంతే. సాయంత్రానికి మెడ పట్టేసేది. ఇంటికొచ్చి చూసుకుంటే సాక్సు అంచు చుట్టూ పిడుదులు.

47వ నంబరు ఇప్పచెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. ఒకసారి వెళ్ళేసరికి నిండా రాగి రంగు చిగురు, ఎండ పడితే చెట్టంతా మెరుస్తోంది. సంతోషంగా మూడు వేశాను. పది రోజుల తర్వాత వెళ్తే ఒట్టి కొమ్మలు. షీట్లో సున్నా వేయాలి. చెట్టు వెనక్కి నడిచిందా అని బుర్ర గోక్కుంటుంటే, పై కొమ్మ మీద కొండముచ్చు ఒకటి, చేతిలో మిగిలిన రెబ్బతో, నా వైపు చూస్తూ తాపీగా నములుతోంది. కింద నేలంతా కొరికి పారేసిన తొడిమలు. ఆ రోజు నుంచి షీట్లో "కొండముచ్చు" అని ఒక గడి పెట్టాం.

ఇంతకూ మేం చూసిందేమిటంటే, ఇప్ప, తునికి చెట్లలో ఎక్కువభాగం మార్చి, ఏప్రిల్ నెలల్లోనే చిగురించేస్తున్నాయి. నేల గట్టిపడి పగుళ్ళిచ్చి, వాగు ఎండి, చెలమలో నీళ్ళకు కోతులు కొట్టుకునే సమయంలో. వానలు ఇంకా రెండు నెలల దూరం. రుతుపవనాలు 2022లో కేరళకు మే 29న వచ్చాయి, 2023లో జూన్ 8న. పది రోజుల తేడా. తెలంగాణకైతే 2023లో మరీ ఆలస్యం. చెట్లు మాత్రం రెండేళ్ళూ వాన మొహం చూడకుండానే తమ పని తాము కానిచ్చాయి.

ఈ డేటాను తీసుకెళ్ళి "వాతావరణ మార్పు ప్రభావం" అని పేరు పెట్టి ఒక పెద్ద జర్నల్‌కు పంపాను. తొమ్మిది రోజుల్లో తిప్పి పంపారు, రివ్యూకు, అంటే ఇతర శాస్త్రవేత్తల పరిశీలనకు, కూడా పోలేదు. ప్రాంతీయ ఆసక్తి ఉన్న పని, మా పాఠకుల స్థాయికి విస్తృతి చాలదు, ఇట్లా రెండు లైన్లు. ఒక రోజంతా ఏడుపు మొహంతో తిరిగాను.

మా గైడ్ సార్ డ్రాఫ్ట్ చదివి ఒకే ప్రశ్న అడిగారు. "నీ దగ్గర ఎన్నేళ్ళ డేటా ఉంది?"

"మూడు సార్."

"క్లైమేట్ అనాలంటే ఎన్నేళ్ళు చూడాలి?"

ముప్పై. ప్రపంచ వాతావరణ సంస్థ సగటులు తీసేది 30 ఏళ్ళకు. డిగ్రీలోనే చదువుకున్నాం. మూడేళ్ళ డేటాతో "మార్పు" అనే మాటే వాడకూడదు. తేడా అనొచ్చు, ఊగిసలాట అనొచ్చు. టైటిల్లోనే అబద్ధం పెట్టుకుని కూర్చున్నానన్నమాట.

అప్పుడు ఇంకో దారి పట్టాను. ఇది ఇంకా ఎక్కువమంది పట్టే దారి అనుకుంటా: "ఇక్కడ ఇంతవరకు ఎవరూ చేయలేదు." దానికి బలం కూడా దొరికింది. 2007 నాటి ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి సంఘం) నాలుగో నివేదికలో, విధాన నిర్ణేతల కోసం రాసిన సారాంశంలో, ఒక పటం ఉంది. ప్రకృతిలో కనబడుతున్న మార్పుల రికార్డులు ఏ ఖండం నుంచి ఎన్ని వచ్చాయో అందులో లెక్కేసి పెట్టారు. జీవజాలానికి సంబంధించినవి యూరప్ నుంచి 28,115. ఆఫ్రికా నుంచి 2. ఆసియా మొత్తం నుంచి 8.

ఎనిమిది! సైబీరియా నుంచి కన్యాకుమారి దాకా కలిపి.

యూరప్‌ది అంత పెద్ద అంకె ఎందుకంటే అక్కడ దశాబ్దాలుగా తోటల్లో, పొలాల్లో, ఇళ్ళ ముందు మొదటి ఆకు, మొదటి పువ్వు తేదీలు రాసి పెట్టుకున్నారు. 2006లో వచ్చిన ఒక పేపర్ 21 దేశాల్లోంచి ఏటేటా రాసిన అట్లాంటి తేదీల వరసలు 1,25,000 పోగేసి, 1971 నుంచి 2000 మధ్య అక్కడి వసంతం పదేళ్ళకు సగటున రెండున్నర రోజులు ముందుకు జరిగిందని తేల్చింది. మన దగ్గర అట్లాంటి రికార్డు లేదు. ఇంకో సంగతి కూడా ఉంది: ఆ ఐపీసీసీ పటంలోకి ఎక్కాలంటే కనీసం 20 ఏళ్ళ వరస కావాలి. అంటే 2007లో నా మూడేళ్ళ షీట్లు పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డా లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఇది నేను రెండో డ్రాఫ్ట్ రాసేశాక గమనించాను.

రెండో డ్రాఫ్ట్ చదివి సార్ నవ్వారు. "మీ ఇంటి వెనకాల చింతచెట్టును కూడా ఎవరూ స్టడీ చేయలేదమ్మా. అంతమాత్రాన పేపరైపోతుందా?"

కోపం వచ్చింది. కాకపోతే ఆయన మాటలో పాయింటుంది. ఖాళీ ఉండటం వేరు, ఆ ఖాళీ ఎవరికైనా అడ్డం పడటం వేరు. ఎవరి లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్పలేకపోతే, నా 160 చెట్లు నాకూ కొండముచ్చులకూ తప్ప ఎవరికీ అక్కర్లేదు.

దారి చూపింది మా సీనియర్ అక్క. యూనివర్సిటీలో నాకంటే నాలుగేళ్ళు ముందు, ఇప్పుడు జర్మనీలో వృక్షసంపద మోడళ్ళ మీద పనిచేస్తోంది. భూమ్మీద ఏ అడవి ఎప్పుడు ఆకు వేస్తుంది, ఎంత కార్బన్ పీలుస్తుంది, ఎంత నీరు గాలిలోకి వదులుతుంది అని కంప్యూటర్లో లెక్కలు కట్టే పని. వాట్సాప్‌లో పిల్లల సంగతులు, ఆవకాయ పార్సిల్ సంగతులు అయ్యాక నా గోడు చెప్పుకున్నాను.

"ఏప్రిల్లోనే చిగురా? నిజంగా?" అంది.

"ఫొటోలు పంపనా?"

"అది కాదే. మా మోడల్లో మీ అడవికి జూన్ దాకా ఆకే ఉండదు, తెలుసా?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

తను చెప్పింది ఇది. ఇట్లాంటి మోడళ్ళు చాలావాటిలో ఎండకు ఆకు రాల్చే ఉష్ణమండల చెట్లన్నీ ఒకే గాటన కట్టేసి ఉంటాయి. 2003లో పేపరుగా వచ్చిన ఎల్‌పీజే అనే మోడల్లో వాటికి "వానకు పచ్చబడేవి" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. సూత్రం తేలిక: నేలలో అందే నీరు ఒక హద్దు దాటితే ఆకు ఉంటుంది, తగ్గితే రాలుతుంది. సవానా గడ్డిమైదానాల్లాంటి చోట్ల అది చాలావరకు నడుస్తుందేమో. మన దగ్గర ఏప్రిల్లో పై నేలలో చుక్క ఉండదు కాబట్టి మోడల్ చెట్టు మోడుగానే నిలబడుతుంది. అసలు చెట్టేమో ఆకులన్నీ రాల్చేసుకుని, నీటి ఖర్చు ఆపేసుకుని, లోతు వేళ్ళతో కాండంలోకి నీళ్ళు నింపుకుని, ఆ నిల్వతో చిగురేసి, మొదటి వాన పడే నాటికి ముదురాకులతో సిద్ధంగా ఉంటుంది. వాన పడ్డాక ఆకు వేద్దామనుకుంటే అప్పటికే కొన్ని వారాల ఎండా నీళ్ళూ వృథా. పైగా వానలతోపాటే పురుగులూ దిగుతాయి, లేత ఆకు అప్పుడుంటే వాటికి పండగే.

అంటే ఏడాదిలో గాలి అత్యంత పొడిగా ఉండే నెలల్లో మా చెట్లు లోతు నీటిని తోడి గాలిలోకి వదులుతుంటాయి. మోడల్లో ఆ నెలల్లో అక్కడేమీ జరగదు.

ఫోన్ పెట్టేశాక నాకు ఒక ముసలాయన మాట గుర్తొచ్చింది. మాతో అడవిలోకి వచ్చే చెంచు తాత. మొదటి ఏడాదే అన్నాడు: "రేవతి కార్తె పోయేలోపల తునికి చిగురు పెడ్తది బిడ్డా. వానతోని దానికి పనేంది?" నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా, చివరి పేజీలో, ఊరి మాటలు అనే శీర్షిక కింద. డేటా పేజీల్లో కాదు.

కార్తె అంటే ఏమిటి? సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. ఉగాది, దీపావళి ఏటా తేదీ మారతాయి, చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి. రోహిణి కార్తె మారదు, ఎప్పుడూ మే 25 ప్రాంతంలోనే వస్తుంది. రేవతి అంటే మార్చి 31 నుంచి ఏప్రిల్ రెండో వారం దాకా. (72 ఏళ్ళకు ఒక రోజు చొప్పున కార్తెలు కూడా జరుగుతాయి, అది వేరే కథ.) కాబట్టి కార్తె పేరు చెప్పి చిగురు చెప్పినవాడు ఏం చెప్తున్నట్టు? ఈ చెట్టు వానను చూడదు, సూర్యుణ్ణి చూస్తుందని. మా అడవి దగ్గర డిసెంబరు చివర పగలు 11 గంటల పైచిలుకు, జూన్ చివర 13 గంటలు. మార్చిలో పగలు వేగంగా పెరుగుతుంటుంది. చెట్టు పట్టుకునేది ఆ పెరుగుదలనేనని ఒక వాదం.

ఆ వాదం నాది కాదు. 2006లో థాయిలాండ్ అడవుల గురించి ఒక పేపర్ వచ్చింది. ఆసియా రుతుపవన అడవులు ఎండాకాలంలో చిగురించడం ఒక వైరుధ్యం అని టైటిల్లోనే పెట్టారు, పగటి పొడవు మీద వేలు పెట్టారు. నేను దాన్ని పీహెచ్‌డీ రెండో ఏడాదిలో చదివి, అండర్‌లైన్ చేసి, మర్చిపోయాను. ఎందుకు మర్చిపోయానంటే నేను వెతుకుతున్నది "ముప్పు". అందులో ముప్పు లేదు, ఒక పజిల్ ఉంది.

మూడో డ్రాఫ్ట్ అక్కడి నుంచి రాశాను. మొదటి వాక్యంలో భూగోళం లేదు, ముప్పు లేదు. "ఎండకు ఆకు రాల్చే ఉష్ణమండల చెట్లు నేల తడిసినప్పుడు చిగురిస్తాయని వృక్షసంపద మోడళ్ళు చాలావరకు అనుకుంటాయి, రుతుపవన ఆసియాలో చాలా చెట్లు వానలకు వారాల ముందే చిగురిస్తాయి." అంతే. ఇది చదివినవాడికి తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది: అయితే లెక్క ఎంత తప్పుతోంది? ఏ జాతులు వానను చూస్తాయి, ఏవి చూడవు? మా నాలుగు జాతులు అక్కడ పనికొస్తాయి. నల్లమద్ది, చిరుమాను ఆలస్యంగా, ఏడాదికొక రకంగా ప్రవర్తించాయి. మొదటి డ్రాఫ్ట్‌లో ఇది "స్పష్టత లేని ఫలితం" అని ఒక మూల పడుంది. మూడో డ్రాఫ్ట్‌లో అదే నడిబొడ్డు, ఎందుకంటే ఒకే అడవిలో ఒకే వాన కింద రెండు రకాల గడియారాలు నడుస్తున్నాయేమో అని అడగగలిగేది ఆ తేడా వల్లే.

శాటిలైట్ల వాళ్ళకూ ఒక మాట రాశాను. మోడిస్ అనే ఉపగ్రహ పరికరం తీసే బొమ్మలో ఒక గడి అంటే నేల మీద 250 మీటర్లో, 500 మీటర్లో. ఏప్రిల్లో పైన చెట్టు చిగురు, కింద ఎండుగడ్డి. జూన్లో గడ్డి ఒక్కసారిగా పచ్చబడుతుంది. రెండూ కలిసిపోయిన గడిలో "అడవి ఎప్పుడు పచ్చబడింది" అంటే ఏం చెప్తాం? 2019లో భారత్, చైనా పచ్చదనంలో ముందున్నాయని వార్త వచ్చినప్పుడు మన వార్తాపత్రికలన్నీ అడవులు పెరిగాయన్నట్టు రాశాయి. ఆ అధ్యయనం తెరిచి చూస్తే భారత్‌లో ఆ పచ్చదనం 82 శాతం పంట పొలాలది. పచ్చగా కనబడేదంతా అడవి కాదు, అడవి పచ్చబడేదంతా ఒకేసారి కాదు. దీనికి ఒక్క పేరాయే ఇచ్చాను. ఇంకా రాయాలని చేయి దురద పెట్టింది గానీ, నా దగ్గర శాటిలైట్ డేటా లేదు.

ఈసారి రివ్యూకు పోయింది. ఇద్దరు రివ్యూయర్లు. మొదటాయన మర్యాదస్తుడు, కామాలు సరిచేశాడు. రెండో రివ్యూయర్ మాత్రం సప్లిమెంట్‌లో ఎవరూ చదవరనుకున్న ఫుట్‌నోట్ పట్టుకున్నాడు: "38 చెట్లను విశ్లేషణ నుంచి ఎందుకు తీసేశారు?"

2022 మార్చిలో మా మూడు చోట్లలో ఒకదాని గుండా మంట పోయింది. మా పొడి అడవుల్లో మంట చెట్ల తలల మీదికెక్కదు, నేల మీద ఎండాకునూ గడ్డినీ నాకేసుకుంటూ పోతుంది. పెద్ద చెట్లు మాడిన మొదళ్ళతో నిలబడే ఉంటాయి. రెండు బిళ్ళలు వేడికి వంకర పోయాయి. ఆ చోటునంతా "డిస్టర్బ్ అయింది" అని పక్కన పెట్టాను. నాకు కావలసింది స్వచ్ఛమైన వాతావరణ సంకేతం కదా!

రివ్యూయర్ ఒక పాత పేపర్ చూడమన్నాడు. 1994లో జీవావరణ శాస్త్రవేత్త పీటర్ వితూసెక్ రాసినది, భూతాపానికి అవతల జీవావరణ శాస్త్రం చూడవలసిన ప్రపంచ మార్పుల గురించి. నిస్సందేహంగా జరుగుతున్నాయని ఆయన మూడింటిని చెప్పాడు: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం, నత్రజని చక్రం మారిపోవడం, నేల వాడకం మారడం. ఉష్ణోగ్రత ఆ మూడింటిలో లేదు. ఇది చదివి సిగ్గుపడ్డాను. మన అడవిలో మంట ఆకాశం నుంచి ఊడిపడదు. బీడీ ఆకు కోసం, గడ్డి కోసం, దారి కోసం, ఒక్కోసారి బీడీ ముక్క వల్ల. మనుషులు అడవిని వాడుకునే తీరే అది. "ప్రపంచ మార్పు" గురించి రాస్తున్నానని చెప్పుకుంటూ, అది నా ప్లాట్ మధ్యలోంచి నడిచి వెళ్తే డేటా చెడగొట్టిందని తీసి పారేశాను.

ఆ 38 చెట్లనూ తిరిగి చేర్చాను. వాటితో పెద్ద కథేమీ లేదు. ఒక్క మంట, ఒక్క చోటు, దానికి పోల్చుకోవడానికి ఇంకో కాలిన చోటు లేదు. "మంట తర్వాత ఇట్లా కనిపించింది, కారణం చెప్పలేం" అని రాసి గ్రాఫ్ పెట్టాను. డిస్కషన్‌లో ఇంకో వాక్యం: ఈ మూడేళ్ళు వాతావరణ మార్పును చూపించవు. సార్ ఆ వాక్యం కింద టిక్కు పెట్టారు, ఏడేళ్ళలో నాకు ఆయన పెట్టిన రెండో టిక్కు.

జూనియర్‌కు ఫోన్లో చెప్పలేకపోయింది ఇదే అనుకుంటా. తన పేపర్‌ను గ్లోబల్‌ చేయక్కర్లేదు. తన చెరువు గురించి దూరాన ఎవరో ఇప్పటికే ఏదో ఒకటి అనుకుని, దాని మీద లెక్కలు కట్టేసి ఉంటారు. వాళ్ళు ఏమనుకున్నారో వెతికి చదవాలి. అబ్‌స్ట్రాక్ట్ కాదు, మెథడ్స్ చదవాలి. ఊహలన్నీ దాక్కునేది అక్కడే.

రెండో రివ్యూయర్ ఇంకోటి కూడా అడిగాడు. కార్తె గురించి నేను మెథడ్స్‌లో ఒక లైన్ రాశాను, "స్థానిక సమాచారం" అని. ఎవరు చెప్పారో వారి అనుమతితో పేరు పెట్టండి అన్నాడు. పోయిన ఆదివారం మన్ననూరు వెళ్ళాను. తాత ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. విషయం చెప్పాను.

"నా పేరెందుకు బిడ్డా? సరే ఏసుకో. చెట్ల పేర్లు ఏసినవా?"

ఫోన్‌లో టేబుల్ తెరిచి చదివి వినిపించాను. డయోస్పైరస్ మెలనాక్సైలాన్.

"అదేంది?"

"తునికి తాతా."

"మరి తునికి అని రాయొచ్చు గదా?" అని చాలాసేపు నవ్వాడు.

టేబుల్‌లో ఇప్పుడు ఒక నిలువు వరస పెరిగింది. రివిజన్ గడువు ఈ నెల 28. జర్నల్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు పడతాయో లేదో ఇంకా చూడలేదు.